కథ పిల్లలకు ఏం నేర్పుతుంది?

పిల్లలకు కథలంటే ఇష్టం. అన్నం తినని పిల్ల కథ చెప్తే తింటుంది. నిద్రపోని పిల్లాడు కథ వింటూ నిద్రపోతాడు. అమ్మమ్మ, మామ్మ, అమ్మ, అక్క అందరూ కథలు చెప్పినవాళ్ళే. అక్షరం రాని రోజుల్లో కూడా ఆడవాళ్ళు కథలు చెప్పారు. ఇప్పుడు అక్షరాలు వచ్చాయి. విన్న కథలే కాదు, చదివిన కథలు కూడా చెప్పొచ్చు. పిల్లల చేత చదివించొచ్చు.

మరి కథ దేనికి? పొద్దు పోవటానికేనా?

కాదు. కథ పిల్లలకు రెండు సంగతులు నేర్పుతుంది. ఒకటి గుణం. అంటే మనిషి ఎలా నడుచుకోవాలి అనేది. రెండోది గుర్తింపు. అంటే నేను ఎవరిని, నేను ఏం చెయ్యగలను అనేది. చాలా కథల చివర నీతి రాసి ఉంటుంది. పిల్లలు ఆ నీతిని తొందరగా మర్చిపోతారు. కథలో మనిషి చేసిన పనిని మాత్రం మర్చిపోరు. ఎలాగో చూద్దాం.

ఏడు చేపల కథ

ఈ కథ రాని ఇల్లు తెలుగునాట ఉండదు. ఒక రాజుకు ఏడుగురు కొడుకులు. వాళ్ళు వేటకు వెళ్ళారు. ఏడు చేపలు తెచ్చారు. ఎండబెట్టారు. అందులో ఒక చేప ఎండలేదు. ఎందుకు ఎండలేదని చేపను అడిగారు. గడ్డిమోపు అడ్డం వచ్చిందని చేప చెప్పింది. గడ్డిమోపు ఆవు మీద చెప్పింది. ఆవు పాలేరు మీద చెప్పింది. పాలేరు, అవ్వ బువ్వ పెట్టలేదన్నాడు. అవ్వ, పిల్లాడు ఏడ్చాడంది. పిల్లాడు, చీమ కుట్టిందన్నాడు. తన పుట్టలో వేలు పెడితే కుట్టనా అని చీమ అడిగింది.

ఈ కథకు చివర నీతి లేదు. అయినా మూడేళ్ళ పిల్ల ఇందులో ఎంతో నేర్చుకుంటుంది. జరిగిన ప్రతి పనికీ ఒక కారణం ఉంటుంది. ఎందుకు అని అడగటం తప్పు కాదు. అడిగితే జవాబు దొరుకుతుంది. ఒక్క మనిషికి వేళకు అన్నం పెట్టకపోతే ఎన్ని పనులు ఆగిపోతాయో కూడా తెలుస్తుంది. అందరికన్నా చిన్నది చీమ. అది కూడా భయపడకుండా తన మాట తను చెప్పింది. చిన్నపిల్లలకు ఆ చీమంటే అందుకే ఇష్టం.

నాన్నా పులి

ఇది కూడా అందరికీ తెలిసిన కథే. ఒక కుర్రాడు గొర్రెలు కాస్తాడు. పులి రాకపోయినా "నాన్నా, పులి" అని అరుస్తాడు. పొలంలో ఉన్నవాళ్ళు పరుగెత్తుకు వస్తారు. కుర్రాడు నవ్వుతాడు. మళ్ళీ అలాగే చేస్తాడు. చివరికి నిజంగా పులి వస్తుంది. అప్పుడు ఎంత అరిచినా ఎవరూ రారు.

"అబద్ధం ఆడితే అలాగే అవుతుంది, తెలిసిందా?" అని కథ ముగిస్తాం. పిల్లాడు తల ఊపుతాడు. మర్నాడు మళ్ళీ అబద్ధం ఆడతాడు.

ఇంకో రకంగా చెప్పి చూడండి. కథ అయ్యాక పిల్లల్ని అడగండి. "ఆ కుర్రాడు ఎందుకు అరిచాడంటావు?" కొందరు పిల్లలు సరదాకి అంటారు. కొందరు వేరే జవాబు చెప్తారు. వాడికి తోచలేదు అంటారు. పొద్దున్నుంచీ ఒక్కడే ఉన్నాడు, ఎవరైనా వస్తే బాగుండుననుకున్నాడు అంటారు.

ఇది మంచి జవాబు. అబద్ధం ఆడిన పిల్లాడి మనసులో ఏముందో ఆ పిల్ల కనిపెట్టింది. ఎదుటి మనిషి మనసు తెలుసుకోవటం మంచి గుణం. అది ఒక్క నీతి వాక్యంతో రాదు.

పెద్దవాళ్ళు ఆలోచించవలసినది కూడా ఈ కథలో ఉంది. అంత చిన్నవాణ్ణి ఒంటరిగా గొర్రెల వెంట పంపింది ఎవరు? పనుల రోజుల్లో పిల్లల్ని బడి మాన్పించాలని చాలా ఇళ్ళలో అనిపిస్తుంది. పొగాకు పనులు ఉంటాయి. జీడిగింజలు ఏరే పని ఉంటుంది. చంటిదాన్ని చూసుకునే పని ఉంటుంది. 6 ఏళ్ళ నుంచి 14 ఏళ్ళ వరకు పిల్లలకు చదువు హక్కు. ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. గొర్రెలు కాసే కుర్రాడి కథ చెప్పుకున్నప్పుడు ఈ సంగతి కూడా మాట్లాడుకోవచ్చు.

బేతాళుడి ప్రశ్న

1947 జూలైలో మద్రాసు నుంచి "చందమామ" అనే పిల్లల పత్రిక మొదలైంది. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు దాన్ని మొదలుపెట్టారు. కొడవటిగంటి కుటుంబరావు గారు ఎన్నో ఏళ్ళు దాన్ని నడిపించారు. ఆయన సొంత ఊరు తెనాలి. భాష తేలికగా ఉండేది. బొమ్మలు బాగుండేవి. ఒక ఇంట్లో కొంటే పది ఇళ్ళ పిల్లలు చదివేవారు. ఇప్పుడు ఆ పత్రిక రావటం లేదు. పాత కథలు మాత్రం ఇంకా దొరుకుతాయి.

అందులో బేతాళ కథలు వచ్చేవి. విక్రమార్కుడు శవాన్ని భుజం మీద వేసుకుని నడుస్తాడు. శవంలో ఉన్న బేతాళుడు ఒక కథ చెప్తాడు. చివర ఒక ప్రశ్న వేస్తాడు. ఈ కథలో ఎవరిది న్యాయం? ఎవరు గొప్ప? జవాబు తెలిసి కూడా చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది.

ఈ కథలు చదివే పిల్లలు ఒక పని చేసేవారు. రాజు జవాబు చదవకుండా పేజీ మూసేవారు. తమ జవాబు తాము ఆలోచించేవారు. తరువాత పేజీ తెరిచి చూసుకునేవారు. ఒక్కోసారి రాజు మాట ఒకటి, పిల్లల మాట ఒకటి అయ్యేది. అయితే ఏం? న్యాయం ఏదో సొంతంగా ఆలోచించటం అలా అలవాటయ్యేది. తెలిసిన మాట చెప్పకుండా ఊరుకోకూడదని కూడా తెలిసేది.

ఏలూరు పత్రికలో వచ్చిన కథ

జంగారెడ్డిగూడెం ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. 2022కు ముందు పశ్చిమగోదావరి జిల్లాలో ఉండేది. ఏలూరుకు కథల చరిత్రలో ఒక మంచి చోటు ఉంది. 1902లో ఆ ఊరి నుంచి "హిందూ సుందరి" అనే పత్రిక వచ్చింది. అది ఆడవాళ్ళ కోసం పెట్టిన పత్రిక. ఆ ఏడే భండారు అచ్చమాంబ గారి కథ ఒకటి అందులో వచ్చింది. కథ పేరు "ధనత్రయోదశి".

అచ్చమాంబ గారు 1874లో కృష్ణా జిల్లాలో పుట్టారు. చిన్నప్పుడే పెళ్ళి చేశారు. ఆడపిల్లకు చదువెందుకు అనే రోజులవి. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే ఆమె కూడా పక్కన కూర్చుని నేర్చుకున్నారు. తరువాత కథలు రాశారు. గొప్ప ఆడవాళ్ళ జీవితాల మీద పుస్తకం రాశారు. 1905లో చనిపోయారు. బతికింది ముప్పై ఏళ్ళే.

ఆ కథలో ఒక పేద సంసారం ఉంది. భార్య పేరు విజయలక్ష్మి. దీపావళి పండుగ వచ్చింది. ఇంట్లో డబ్బు లేదు. భార్యాపిల్లల్ని సంతోషపెట్టాలని భర్త ఆశపడ్డాడు. తాను పనిచేసే చోట షావుకారు సొమ్ము ఇంటికి తెచ్చాడు. విజయలక్ష్మి ఏం చేసింది? సంబరపడలేదు. భర్తను నలుగురిలో తిట్టలేదు. ఆ సొమ్ము మనది కాదని నచ్చజెప్పింది. తిరిగి ఇచ్చేలా చేసింది.

విజయలక్ష్మికి కూడా పండుగ చేసుకోవాలని ఉంటుంది. పిల్లలకు కొత్త బట్టలు కొనాలని ఉంటుంది. డబ్బు ఎదురుగా ఉంది. అయినా వద్దంది. నిజాయితీ అంటే ఏమిటో పిల్లలకు చెప్పటం కష్టం. ఈ కథ చదివితే తేలికగా తెలుస్తుంది. నిజాయితీ డబ్బున్నవాళ్ళకే కాదు, పేద ఇంటి ఆడమనిషికి కూడా ఉంటుందని తెలుస్తుంది.

ఉత్తరం రాసిన కమలిని

1910లో గురజాడ అప్పారావు గారు "దిద్దుబాటు" అనే కథ రాశారు. ఆయన విజయనగరంలో ఉండేవారు. చాలా కాలం ఇదే మొదటి తెలుగు కథ అని చెప్పుకున్నారు. అచ్చమాంబ గారి కథ అంతకు ముందే వచ్చిందని తరువాత చాలామందికి తెలిసింది.

దిద్దుబాటు కథలో గోపాలరావు, కమలిని భార్యాభర్తలు. గోపాలరావు చదువుకున్నవాడు. ఆడవాళ్ళకు చదువు ఉండాలని చెప్పేవాడు. కాని రాత్రిళ్ళు పాటకత్తె ఇంటికి వెళ్ళేవాడు. ఆలస్యంగా ఇంటికి వచ్చి భార్యకు అబద్ధాలు చెప్పేవాడు. ఒక రాత్రి ఇంటికి వచ్చేసరికి భార్య కనిపించలేదు. ఒక ఉత్తరం కనిపించింది. పుట్టింటికి వెళ్తున్నట్టు అందులో ఉంది. తన కోసం భర్త అబద్ధాలు ఆడవలసి వస్తోంది కాబట్టి వెళ్తున్నట్టు కమలిని రాసింది. అది చదివి గోపాలరావు సిగ్గుపడ్డాడు. తన తప్పు తనకు తెలిసింది. చివరికి మంచం కింద నుంచి నవ్వు వినిపించింది. కమలిని ఎక్కడికీ వెళ్ళలేదు!

కమలినికి రాయటం రాకపోతే ఈ కథ లేదు. ఆమె ఏడవలేదు. అరవలేదు. పక్కింటివాళ్ళను పిలవలేదు. తాను నేర్చుకున్న అక్షరాలతో తన మాట తాను చెప్పింది. భర్తను దిద్దుకుంది. ఎదిగిన ఆడపిల్లలు ఈ కథ చదివితే కమలిని తెలివి చూసి నవ్వుకుంటారు. చదువు దేనికో కూడా తెలుసుకుంటారు. మగపిల్లలు చదివితే గోపాలరావు సిగ్గు ఏమిటో తెలుసుకుంటారు. ఈ కథ ఇద్దరికీ కావాలి.

కథలో మన పిల్ల ఉందా?

పిల్లలు కథ వింటూ తమను తాము అందులో చూసుకుంటారు. రాజు కథ చెప్తే పిల్లాడు రాజు అవుతాడు. కర్ర ముక్క కత్తి అవుతుంది. మరి ఆడపిల్ల ఏమవుతుంది? చాలా కథల్లో రాజకుమారిని రాక్షసుడు ఎత్తుకుపోతాడు. ఆమె ఏడుస్తూ కూర్చుంటుంది. రాజకుమారుడు వచ్చి విడిపిస్తాడు. ఇలాంటి కథలే వింటూ ఉంటే ఆడపిల్ల ఏమనుకుంటుంది? కష్టం వస్తే ఎవరో ఒకరు వచ్చే దాకా ఆగాలనుకుంటుంది.

కథలు చెడ్డ మాటలు కూడా నేర్పుతాయి. సవతి తల్లి ఎప్పుడూ దుర్మార్గురాలే. నల్లగా ఉన్నవాడు రాక్షసుడే. పల్లెటూరివాడు తెలివితక్కువవాడే. నిజంగా అలాగే ఉంటుందా? సవతి తల్లి ప్రేమగా పెంచిన పిల్లలు లేరా? నల్లగా ఉన్న పిల్ల ఆ కథ వింటే ఎంత బాధపడుతుంది? పెద్దవాళ్ళు చెప్పారు కదా అని ప్రతి కథనూ ఉన్నది ఉన్నట్టు చెప్పక్కర్లేదు. పిల్లలతో మాట్లాడుతూ చెప్పొచ్చు.

జంగారెడ్డిగూడెం దాటి బుట్టాయగూడెం, పోలవరం వైపు వెళ్తే ఏజెన్సీ ఊళ్ళు వస్తాయి. అక్కడ కోయలు, కొండరెడ్లు ఉన్నారు. కోయ పిల్లలకు ఇంట్లో కోయ భాష ఉంటుంది. బడి పుస్తకంలో వాళ్ళ మాట ఉండేది కాదు. వాళ్ళ ఇల్లు, వాళ్ళ పండుగ ఉండేవి కావు. పుస్తకంలో తమవాళ్ళు ఎవరూ లేకపోతే ఆ పిల్లలకు ఏమనిపిస్తుంది? ఈ చదువు మాది కాదనిపిస్తుంది. బడి మానేస్తారు. అందుకే 2004 ప్రాంతంలో రాష్ట్రంలో కోయ, సవర, కొండ వంటి గిరిజన భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు తయారు చేయటం మొదలైంది. వాళ్ళ కథలు, వాళ్ళ పాటలు పుస్తకాల్లోకి తెచ్చారు. మామ్మ చెప్పే కథ బడి పుస్తకంలో కనిపిస్తే పిల్లకు ధైర్యం వస్తుంది. మామ్మ మీద గౌరవం కూడా పెరుగుతుంది.

మనుషులు రెండు రకాలేనా?

చిన్నపిల్లల కథల్లో ఒకరు మంచివాళ్ళు, ఒకరు చెడ్డవాళ్ళు. పిల్లలు పెద్దవాళ్ళయ్యే కొద్దీ ఇది చాలదు. మనుషులు అలా ఉండరని వాళ్ళకు తెలుస్తుంది. అప్పుడు వేరే కథలు కావాలి.

పాలగుమ్మి పద్మరాజు గారు పశ్చిమగోదావరి జిల్లా తిరుపతిపురంలో 1915లో పుట్టారు. ఆయన రాసిన "గాలివాన" కథకు 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. ఆ పోటీ అమెరికా పత్రిక ఒకటి పెట్టింది. ఆ కథలో రావుగారు అనే పెద్దమనిషి ఉంటాడు. ఆయనకు అన్నిటికీ నియమాలే. రైల్లో బిచ్చమెత్తుకునే ఆవిణ్ణి చూస్తే ఆయనకు గిట్టదు. ఆ రాత్రి పెద్ద గాలివాన వస్తుంది. రావుగారి నియమాలు ఎందుకూ పనికిరావు. ఆ బిచ్చగత్తే ఆయనకు ధైర్యం చెప్తుంది. తరువాత ఆమె తన పర్సు తీసిందని ఆయనకు తెలుస్తుంది. అయినా ఆమె మీద కోపం రాదు.

మరి ఆమె మంచిదా, చెడ్డదా? పర్సు తీసింది. తోడుగా కూడా నిలిచింది. గోదావరి జిల్లాల వాళ్ళకు గాలివాన కొత్త కాదు. ఇల్లు ఎగిరిపోయే రాత్రి ఎవరు ఎలాంటివాళ్ళో బయటపడుతుంది. పదో తరగతి దాటిన పిల్లలు ఈ కథ చదివితే మనుషుల్ని తొందరపడి తిట్టరు.

కథ ఊరిని కదిలించింది

కథలు పిల్లలకేనా? పెద్దవాళ్ళకు పనికిరావా? నెల్లూరు జిల్లాలో ఏం జరిగిందో చూడండి. 1990 తరువాత అక్కడ అక్షరాస్యత ఉద్యమం జరిగింది. ఆడవాళ్ళు రాత్రిపూట చదువుకునేవారు. వాళ్ళ వాచకంలో సీతమ్మ కథ ఉంది. మొగుడి తాగుడు వల్ల సీతమ్మ పడిన బాధ అందులో ఉంది. దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం చదివారు. ఇది మన కథే కదా అనుకున్నారు. మనం ఏం చెయ్యాలి అని మాట్లాడుకున్నారు. అందరూ కలిసి ఊళ్ళో సారా అమ్మనివ్వలేదు. వర్ధినేని రోశమ్మ గారు ముందుండి నడిపారు. ఆ కబురు ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. తరువాత దూబగుంట ఆడవాళ్ళ కథే చదువు పుస్తకంలో పాఠం అయింది.

వాళ్ళను కదిలించింది "తాగుడు చెడ్డది" అనే నీతి కాదు. ఆ మాట వాళ్ళకు ముందే తెలుసు. సీతమ్మలో తమను తాము చూసుకున్నారు. అందుకే కదిలారు. పెద్దవాళ్ళను అంత కదిలించిన కథ పిల్లల్ని కదిలించదా? అందుకే పిల్లలకు ఏ కథ అందుతోందో తల్లి చూసుకోవాలి.

ఇంట్లో ఏం చెయ్యొచ్చు?

రాత్రి అన్నాలయ్యాక ఒక్క కథ చదవండి. పది నిమిషాలు చాలు. కూడబలుక్కుని చదివినా పరవాలేదు. సిగ్గుపడకండి. అమ్మ చదువుతోందని పిల్లలు చూస్తారు. అది కూడా వాళ్ళకు పాఠమే. ఒక పేజీ మీరు చదవండి. ఒక పేజీ పిల్లల చేత చదివించండి.

మధ్యలో ఆపండి. "ఇప్పుడు ఆ పిల్ల ఏం చేస్తుందంటావు?" అని అడగండి. "నువ్వైతే ఏం చేస్తావు?" అని అడగండి. పిల్లలు చెప్పింది పూర్తిగా వినండి. తప్పు అనకండి.

కొడుక్కీ కూతురికీ ఒకే కథ చెప్పండి. ధైర్యం కథ కొడుక్కి, ఓర్పు కథ కూతురికి అని పంచకండి. ఇద్దరికీ రెండూ కావాలి.

పుస్తకాలు కొనాలంటే డబ్బు కావాలి. గ్రంథాలయంలో చదవటానికి డబ్బు అక్కర్లేదు. బడిలో కూడా కథల పుస్తకాలు ఉంటాయి. పంతులమ్మను అడగండి.

మీ అమ్మ కథ, మీ మామ్మ కథ పిల్లలకు చెప్పండి. ఎక్కడి నుంచి వచ్చారు, ఏ పని చేశారు, ఏ కష్టం దాటారు అన్నీ చెప్పండి. పొలం కూలికి వెళ్ళి పిల్లల్ని చదివించిన తల్లి కథ ఏ రాజు కథకూ తీసిపోదు. చెప్పటమే కాదు, రాయండి. పది వాక్యాలు చాలు. అక్షరం తప్పు పడితే దిద్దుకోవచ్చు. రాయకపోతే ఆ కథ మీతోనే పోతుంది. రాస్తే మీ మనవరాలు చదువుకుంటుంది.

మాట్లాడుకోండి

1. మీ చిన్నప్పుడు విన్న కథల్లో ఏది బాగా గుర్తుంది? అందులో ఎవరు నచ్చారు? ఎందుకు?

2. విజయలక్ష్మి చోట మీరుంటే ఏం చేస్తారు?

3. కమలిని ఉత్తరం రాసింది. మీరు ఉత్తరం రాయాలంటే ఎవరికి రాస్తారు? ఏమని రాస్తారు?

4. ఆడపిల్ల ధైర్యంగా ఒక పని చేసిన కథ మీకు తెలుసా? కేంద్రంలో అందరికీ చెప్పండి.

కొత్త మాటలు

గుణం: మనిషి నడవడి, స్వభావం.
గుర్తింపు: నేను ఫలానా అని తెలుసుకోవటం, నలుగురూ తెలుసుకోవటం.
దిద్దుబాటు: తప్పును సరిచెయ్యటం.
నిజాయితీ: ఎవరూ చూడకపోయినా తప్పు చెయ్యకుండా ఉండటం.